నూనె డబ్బాలో చప్పుడు

రీవా కత్తికి పిడి బిగించి నా చేతిలో పెట్టింది. పోయిన వారం కథ అక్కడ ఆపాను. కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాను. ఏమీ అనలేదు. ఆ అనకపోవడం వల్ల జరిగిందే ఈ వారం సంగతి.

ముందు కథ తెలియనివాళ్ళ కోసం కొంచెం. రీవా మా అక్క కూతురు. నలభై రెండేళ్ళ మనిషి. కోళ్ళ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు ఎముకలు తీసే వరసలో నిలబడింది. జూలైలో ఒకరోజు బాత్‌రూముకి పోతానంటే సూపర్‌వైజరు మాట్లాడకుండా గోడ గడియారం చూపించాడు. రీవా తడి ఏప్రాను విప్పి అతని మొహాన కొట్టి ఇంటికొచ్చేసింది. ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. సోమవారం పొద్దున ఏడింటికి వచ్చి, వరసలో అందరి ముందూ అతన్ని క్షమించమని అడిగితే మళ్ళీ పనిలోకి తీసుకుంటారట.

అది తప్పించుకోవడానికి రీవాకి ఉన్న దారి ఒక్కటే. శనివారం కౌంటీ సంతలో కత్తుల పరీక్ష. వేలాడదీసిన మోకును ఒక్క వేటుకి తెంచాలి. ఇంటి గోడలకి వాడే చెక్కను నరికి రెండు ముక్కలు చెయ్యాలి, అదీ రెండుసార్లు. ఆ తర్వాత కూడా అదే అంచు చేతి మీద వెంట్రుకలు గొరగాలి. చివరికి కత్తిని ఇనప దవడల వైసులో బిగించి మోచెయ్యిలా వంచాలి. విరగకూడదు. నెగ్గినవాళ్ళకి సంత మైదానంలో ఉన్న కత్తుల హాల్లో ఏడాదంతా ఒక బల్ల ఇస్తారు. మా కొండల్లో కత్తి లేని నడుము లేదు. కానీ ఆ హాల్లో బల్ల లేనివాడి కత్తిని ఎవడూ వేలితో కూడా ముట్టడు.

సామాను కొనే తాహతు రీవాకి లేదు. బోల్తా పడ్డ లారీ బ్రేక్ డ్రమ్ము కొలిమి అయింది. పాత మంచం చట్రం దానికి కాళ్ళు. గాలి ఊదడానికి రీవా జుట్టు ఆరబెట్టుకునే మిషను. సుత్తి దెబ్బకి కింద ఉండే దాగలి బదులు మూరెడు రైలు పట్టా. బొగ్గు మా దొడ్డి వెనక ఓక్ కర్రని పీపాలో మూసి కాల్చుకున్నదే. కత్తికి ఉక్కు, నా పాత పికప్పు కమాను పట్టా. ముంచడానికి నూనె, చర్చిలో చేపలు వేయించగా మిగిలింది, పెద్ద కాఫీ డబ్బాలో. మొత్తానికి దుకాణంలో కొన్నది ఒక్క ఆకురాయి.

మొదటి మూడు కత్తులూ పోయాయి. ఒకటి ఆత్రంకొద్దీ నీళ్ళలో ముంచి పగలగొట్టుకుంది. ఒకటి నిప్పులో మరిచిపోతే కొన మైనంలా కారిపోయింది. మూడోది వంకర తిరిగింది. నాలుగోది మంగళవారం నూనెలోంచి తిన్నగా పైకొచ్చింది. ఆకురాయి పెట్టి చూస్తే గాజు మీద జారినట్టు జారింది, అంటే ఉక్కు గట్టిపడింది. జూలై తర్వాత రీవా నవ్వడం అదే మొదలు.

ఇక శుక్రవారం.

మేం షెడ్డు ముందు కూర్చుని బీన్సూ మొక్కజొన్న రొట్టే తింటున్నాం. హోబర్ట్ టీగ్ తెల్ల ట్రక్కు వచ్చి ఆగింది. కౌంటీ ముఖ్యపట్నంలో కత్తులు చెయ్యడం నేర్పే బడి అతనిదే. శనివారం పరీక్ష పెట్టేదీ అతనే. ముందురోజు ఎవరి కత్తినైనా చూసే హక్కు అతనికుంది. ట్రక్కు దిగి ముందు కత్తి అడగలేదు. డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏం వండుతున్నావు రీవా?"

"నీ పరువు. ఇంకా ఉడకలేదు," అంది రీవా.

టీగ్ నవ్వాడు. "ఆ డ్రయ్యరు ఇక కొలిమికే అంకితమా, జుట్టుకి కూడా వాడతావా?"

"నీకు కావాలంటే ఇస్తాను. కానీ నీ నెత్తిన ఆరబెట్టడానికి ఏముంది గనక?"

అతను టోపీ సర్దుకున్నాడు. నవ్వు కొంచెం తగ్గింది. "నీ మంచికే చెప్తున్నా. నా బళ్ళో మొదలుపెట్టాలంటే గ్యాసు కొలిమి, అసలైన దాగలి, బెల్టు మిషను, కొత్త ఉక్కు, ఇవన్నీ ఉండాల్సిందే. ఆ ఉక్కుకి కాయితం ఉంటుంది. అందులో ఏముందో రాసుంటుంది. ఈ కమాను పట్టా ఎన్ని గుంతల్లో పడి లేచిందో ఎవడికి తెలుసు?"

"మామయ్యకి తెలుసు."

"మీ మామయ్యకి కాయితం ఇస్తే చదవగలడా?"

నేను పళ్ళెం కింద పెట్టాను. రంపపు మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు కొలిమి పని చేశాను. నా చేతిలో పదును పెట్టిన రంపాలు కోసిన దూలాల కింద ఈ కౌంటీలో సగంమంది పడుకుంటున్నారు, టీగ్‌తో సహా. రీవా నా వంక చూసింది, ఏమన్నా అంటానేమోనని. అనలేదు.

"కత్తి చూపించు," అన్నాడు టీగ్.

రీవా తెచ్చి ఇచ్చింది. పిడి బోడార్క్ అనే గట్టి చెట్టు కర్ర, పసుపుగా మెరుస్తోంది. అతను అంచు వెంట కన్ను పెట్టి చూశాడు. వంకర లేదు. బొటనవేలి మీద ఆనించాడు. పదునుంది. అప్పుడు పిడిని రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని, కత్తి చదునుగా ఉన్న చోట గోటితో కొట్టాడు.

మంచి కత్తి గోటికి పలుకుతుంది. సన్నగా, సాగుతూ. ఇది పలకలేదు. బీటవారిన కుండలా ఒక్క ముక్కలో ఆగిపోయింది.

టీగ్ ఇంకోసారి కొట్టాడు. తల ఎత్తి నన్ను చూశాడు. నేను కళ్ళు దించుకున్నాను.

"బాగుంది," అని కత్తిని మర్యాదగా రెండు చేతులతో రీవాకి ఇచ్చాడు. "రేపు పదింటికి. వైసులో పెట్టి వంచేది నువ్వే సుమా, నేను కాదు. ఒకవేళ ఏదన్నా తేడా వస్తే మనసు కష్టపెట్టుకోకు. నా దగ్గర పిడులు రుద్దే పని ఉంది. కత్తి మీద నా పేరు ఉంటుందనుకో. పని పనే కదా."

ట్రక్కు మలుపు తిరిగిపోయేదాకా రీవా చూస్తూ నిలబడింది.

"వెళ్ళేటప్పుడు అంత మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చింది వీడికి?"

నేను పళ్ళాలు తీస్తున్నాను.

"మామయ్యా. రెండోసారి ఎందుకు కొట్టి చూశాడు?"

ఆమె కత్తిని రెండు వేళ్ళతో పట్టుకుని టీగ్ కొట్టినట్టే గోటితో కొట్టింది. విన్నది. షెడ్డులోకి పోయి, మేకుకి వేలాడుతున్న నా పాత కత్తి తీసుకుని దాన్నీ కొట్టింది. అది గుమ్మం దాటి బయటికి పలికింది. మళ్ళీ తనది కొట్టింది. అప్పుడు రెండూ పట్టుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నీకు తెలుసు."

"ఊఁ."

"ఎప్పటినుంచి?"

"మంగళవారం."

"మంగళవారం ఎప్పుడు?"

"నూనెలో ముంచినప్పుడు. టిక్కుమంది."

నూనె మరిగే చప్పుడు కింద చాలా చిన్న చప్పుడు అది. చలికాలం పొద్దున్నే చెరువు మీద పలచటి మంచు పగలబోయే ముందు ఒకటి వస్తుంది, అలాంటిది. ఉక్కు ఎక్కడో లోపల చీలితే అలా అంటుంది. మిల్లులో ఆ చప్పుడు వింటే ఎంత పెద్ద పనైనా పక్కన పారేసేవాళ్ళం. మంగళవారం నేను విన్నాను. అప్పటికే రీవా కత్తిని పైకి తీసి, తిన్నగా ఉంది మామయ్యా, తిన్నగా ఉంది అని నవ్వుతోంది. నోరు తెరవబోయి మూసేశాను. రేపు చెబుదామనుకున్నాను. బుధవారం ఆమె పిడికి కర్ర కోసుకొచ్చింది. గురువారం పిడికి మేకులు దిగ్గొట్టింది. ఒక్కో రోజూ గడిచేకొద్దీ చెప్పడం ఇంకా బరువెక్కింది.

రీవా అరవలేదు. అరిచినా బాగుండేది.

"రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడతావు. అందులో ఒకటి నా కోసం ఖర్చు పెట్టలేకపోయావా?"

"నవ్వుతున్నావు కదా అని..."

"నవ్వుతున్నానా. రేపు మూడొందల మంది నవ్వేవాళ్ళు. దానికి నన్ను ముస్తాబు చేసి పంపిద్దామనుకున్నావా? పిడి పాలిష్ చేస్తుంటే పక్కన కూర్చుని గుడ్డముక్క అందించావు. విరిగిపోయే కత్తికి పాలిష్ చెయ్యడానికి గుడ్డ అందించావు మామయ్యా."

"రీవా."

"ఆగు. టీగ్ విన్నాడు, చెప్పకుండా వెళ్ళిపోయాడు. నువ్వూ విన్నావు, చెప్పకుండా ఊరుకున్నావు. వాడికంటే నువ్వు మూడు రోజులు ఎక్కువే ఊరుకున్నావు. మీ ఇద్దరిలో నావాడు ఎవడో ఎలా పోల్చుకోను?"

చిన్నప్పట్నుంచీ కోపమొస్తే మాట్లాడను, జాలేస్తే మాట్లాడను. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో మాటలన్నీ ఆమే మాట్లాడింది.

రీవా వైసు దగ్గరికి వెళ్ళింది. కత్తిని కొన కిందికి పెట్టి, పిడి మొదలయ్యే మడమ దగ్గర దవడల మధ్య బిగించింది. పిడి ఊడబెరకలేదు. రెండు రోజులు కష్టపడి చేసిన పిడి. దాన్నే రెండు చేతులా పట్టుకుని లాగింది.

వంగలేదు. పుటుక్కున విరిగింది. పిడి ఆమె చేతిలో ఉండిపోయింది. కాస్తలో వెనక్కి పడేది.

ఆమె కత్తి విరిగిన చోటు నా కళ్ళ ముందు పెట్టింది. "చెప్పు. ఇప్పుడన్నా చెప్పు. ఏముంది ఇక్కడ?"

కళ్ళద్దాలు పెట్టుకుని ఎండలోకి తీసుకెళ్ళి చూశాను. విరిగిన ఉక్కు అబద్ధం చెప్పదు. ఎప్పుడు చీలిందో రంగులో చెబుతుంది. ఎక్కువ భాగం బూడిద రంగు, ఉప్పు పొడిలా మెరుస్తోంది. అది ఇప్పుడు విరిగింది. దానికి పైన వేలి గోరంత మేర పసుపు, గోధుమ రంగు. అది మంగళవారం నూనెలో చీలింది. ఆ రాత్రి వంటింటి ఓవెన్‌లో పెట్టి గట్టిదనం దించినప్పుడు ఆ రంగు పట్టింది. నేను విన్న టిక్కు అదే.

దానికీ పైన, అంచుకి ఆనుకుని, సన్నటి గీత ఒకటి ఉంది. బొగ్గులా నల్లగా.

ఇవన్నీ ఆమెకి చూపించి చెప్పాను, ముక్కలు ముక్కలుగా. నల్లది చూపించి ఆగిపోయాను.

"నల్లదేంటి?"

"మంటలో ఉన్నప్పటిది. నూనెలో ముంచకముందే చీలింది. మిగతాదంతా దాని వెనకే పోయింది."

"అంటే సుత్తితో కొట్టేటప్పుడు."

"ఊఁ. ఉక్కు ఎరుపు చచ్చి చల్లబడ్డాక కొడితే అలా చీలుతుంది."

రీవా తన చేతులు చూసుకుంది. మోచేతి దాకా నిప్పురవ్వల మచ్చలు. కోపం ఒక్కసారిగా దిగిపోయింది ఆమెలో. అది చూడటం కోపం చూడటం కంటే కష్టంగా ఉంది.

"అయితే నేనే," అంది మెల్లగా. "ఎరుపు పోయాక కొట్టకూడదని నువ్వు ఎన్నిసార్లు నా సుత్తి కర్ర పట్టుకుని ఆపావో. అయినా కొట్టానన్నమాట. నీ మీద విరుచుకుపడ్డాను. టీగ్‌ని ఆడిపోసుకున్నాను." నా చేతిలోని పిడి తీసుకుని రైలు పట్టా మీద పెట్టింది. "సరేలే. సోమవారం ఏడింటికి అక్కడే ఉంటాను. క్షమించమంటాను. చేతకానిదాన్ని చేతకాని చోటే నిలబెడతారు. తప్పేముంది?"

ఇంటివైపు నడిచింది.

నేను ఆ నల్ల గీతనే చూస్తున్నాను. అది ఎక్కడుందో అప్పుడు పట్టింది నాకు. మడమ దగ్గర, పిడి మొదలయ్యే చోట. అక్కడ రీవా కొట్టలేదు.

మంగళవారం పొద్దున పెట్రోలు బంకు దగ్గర ఒకతను నాకు చెప్పాడు, టీగ్ అందరి ముందూ ఏమన్నాడో. చట్టిలో కత్తి వండే ఆడది, ఆమెకి గురువు కాయితం చదవలేని ముసలాడు, అన్నాడట. ఆ కోపంతోనే షెడ్డుకొచ్చాను. రీవా నిప్పులో బొగ్గు వేస్తూ అటు తిరిగి ఉంది. రైలు పట్టా మీద కత్తి మడమ కొంచెం పక్కకి ఒరిగి ఉంది. సుత్తి అందుకుని ఆరు దెబ్బలు వేశాను. మొదటి రెండూ కత్తిని కొట్టాను. అప్పటికి ఎరుపుంది. తర్వాత నాలుగూ టీగ్‌ని కొట్టాను. ఎరుపు ఎప్పుడు పోయిందో చూసుకోలేదు.

ముప్ఫై నాలుగేళ్ళ పనివాణ్ణి. కొత్తగా చేరినవాడు కూడా రెండోరోజుకి మానుకునే తప్పు అది.

రీవా మెట్ల దాకా వెళ్ళిపోయింది. ఆమె లోపలికి పోతే చాలు. ఆమెకి ఎప్పటికీ తెలియదు. నేను నోరు మూసుకుంటే సరిపోతుంది. నాకు బాగా వచ్చిన పని అదే.

"నువ్వు కాదు," అన్నాను.

ఆమె వెనక్కి తిరగలేదు. వినపడలేదేమో. గొంతు పెంచాను. ఎన్నేళ్ళయిందో పెంచి.

"రీవా. నువ్వు కాదు. నేను."

వచ్చింది. చెప్పాను. బంకు దగ్గర విన్నది, సుత్తి అందుకున్నది, ఆరు దెబ్బలు, అందులో నాలుగు. మధ్యలో తడబడ్డాను. ఆమె అందించలేదు. అంతా అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడింది.

"నేను చల్లగా కొడితే నువ్వు ఆపేవాడివి," అంది చివరికి. "నువ్వు చల్లగా కొడితే ఎవరు ఆపాలి?"

"నువ్వే."

"నాకు చెప్పి ఏడిస్తే కదా. ఎరుపు, నారింజ, పసుపు, ఏదెప్పుడు ఏంటో ఒక్కసారన్నా నోటితో చెప్పావా? కర్ర పట్టుకుని లాగడం తప్ప. మూగవాడి దగ్గర సంగీతం నేర్చుకున్నట్టుంది నా బతుకు." ఎండ వంక చూసింది. "కమాను పట్టా ఇంకా ఎంతుంది?"

"జానెడున్నర."

"ఒక కత్తి వస్తుందా?"

"ఒకటొస్తుంది. ఇంకోటి రాదు."

"ఇవాళ రాత్రికల్లా?"

లెక్క చూసుకున్నాను. కొట్టడానికి రెండు గంటలు, ఆకురాయితో రూపు దిద్దడానికి రెండు. ముంచి, ఓవెన్‌లో పెట్టేసరికి రాత్రి భోజనాల వేళ. పిడికి తాడు చుట్టుకున్నా చాలు, పరీక్షలో పిడి అందం అడగరు.

"కుదరొచ్చు."

రీవా ఒక ప్లాస్టిక్ బకెట్టు బోర్లించి కొలిమికి ఎదురుగా పెట్టింది. "కూర్చో. సుత్తి ముట్టుకున్నావంటే వేళ్ళు విరగ్గొడతాను. నువ్వు చేసే పని ఒక్కటే. మాట్లాడు. రంగు మారినప్పుడల్లా చెప్పు. నేను తప్పు కొడితే తిట్టు. చప్పుడు వింటే అదే క్షణంలో చెప్పు. నేను నవ్వుతున్నానా ఏడుస్తున్నానా నీకనవసరం."

"చెప్తాను."

"ఎంతసేపు మాట్లాడగలవో చూస్తా."

ముందుగా మిగిలిన పట్టా ముక్కకి కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సుద్ద రాశాం. లోపల పాత చీలిక ఉంటే తడి గీతలా సుద్ద మీదికి తేలుతుంది. కాసేపు చూశాం. తేలలేదు. ఖర్చు లేని పరీక్ష అది, నాలుగో కత్తి విరిగాక గుర్తొచ్చింది నాకు. ఆ మాట కూడా రీవాయే అంది. నేను తిట్లు తిన్నాను.

డ్రయ్యరు మోగింది. బొగ్గు అంటుకుంది.

"నలుపు," అన్నాను. "నలుపే. ముదురు ఎరుపు. ఇంకా ఆగు. ఎరుపు. ఆగమన్నానా. నారింజ. తియ్యి, కొట్టు. కొట్టు. ఇంకోటి. ఎరుపు పోతోంది, ఒక్కటి వేసి ఆపు. ఆపు. మంటలో పెట్టు."

ఆమె కొట్టింది. నేను చెప్పాను. మొదటి గంటకి నా గొంతు బొంగురుపోయింది. ఆమె సుత్తి మొహం పక్కకి పడితే, కళ్ళు నెత్తిమీదున్నాయా అన్నాను. మంగళవారం నీవి ఎక్కడున్నాయి అంది. ఇద్దరం ఆగలేదు. అంచు పలచబడుతుంటే ఒక పక్కే కొట్టకు, అటు రెండు ఇటు రెండు, లేకపోతే అరటిపండులా వంగుతుందన్నాను. మూడో కత్తికి ఈ మాట ఎందుకు చెప్పలేదంది. అడగలేదన్నాను. చెంబుతో నీళ్ళు నా మొహాన కొట్టినంత పని చేసింది, తర్వాత అదే చెంబు తాగమని ఇచ్చింది.

ఆకురాయి పని అయ్యేసరికి ఎండ షెడ్డు వెనక్కి పోయింది. గుమ్మానికి గోనెపట్టా దించాను, వెలుతురు తగ్గితే రంగు తెలుస్తుందని. ఎందుకు దించుతున్నానో అడగకముందే చెప్పాను. రీవా కనుబొమలెత్తింది.

ఆఖరిసారి నిప్పులో పెట్టింది. పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం తీగకి కట్టి ఉంది. చాలినంత కాలిన ఉక్కు అయస్కాంతానికి అంటదు. ఆనించింది. అంటింది. మళ్ళీ పెట్టింది.

"మడమ ఇంకా వెనకుంది," అన్నాను. "కొన బయటికి లాగు, అది ముందు మాడుతుంది. ఇప్పుడు సమంగా వచ్చింది. చూడు."

ఆనించింది. అంటలేదు.

"ఇంకొక్క ఊపిరి. తియ్యి. కొన కిందికి, తిన్నగా. పక్కకి కదపకు."

కత్తి నూనెలోకి దిగింది. మంట నాలుక ఒకటి లేచి ఆరిపోయింది. చేపల వాసన షెడ్డంతా నిండింది. ఇద్దరం డబ్బా మీదికి వంగాం. ఆమె తల నా తలకి తగిలింది. నూనె గట్టిగా మరిగింది, తర్వాత మెత్తగా, తర్వాత బుడగ మీద బుడగ. పటకారు పట్టుకున్న రీవా చెయ్యి కదలకుండా ఉంది.

ఆ బుడగల అడుగున నాకు మళ్ళీ ఆ టిక్కు వినపడింది.

రీవా తల ఎత్తి నా మొహం చూసింది. ఆమెకి వినపడలేదు. పెదవుల చివర నవ్వు మొదలవుతోంది.

నేను నోరు తెరిచాను.